‘చాలా అందంగా ఉంది’ అని రాయకుండా వర్ణన రాయించడం ఎలా? మా తరగతిలో ఆడిన సంచి ఆట

తార్నాక టీచర్ | సోమవారం, రాత్రి 9:15

అందరికీ నమస్తే. తార్నాక దగ్గర ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో ఆరో తరగతికి తెలుగు చెప్తాను. తరగతిలో 42 మంది, పీరియడ్ 40 నిమిషాలు.

పోయిన నెల ‘చార్మినార్‌ను వర్ణించండి’ అని ఇచ్చాను. పేపర్లు దిద్దుతుంటే మనసు బరువెక్కింది. సగానికి పైగా ఒకేలా మొదలయ్యాయి. ‘చార్మినార్ చాలా అందమైన కట్టడం. దానిని 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించాడు. దానిని చూడడానికి రెండు కళ్ళూ చాలవు.’ సంవత్సరం సరిగ్గానే ఉంది, ఒత్తులూ దీర్ఘాలూ సరిగ్గానే ఉన్నాయి. కానీ అందులో చార్మినార్ లేదు. పేరూ సంవత్సరమూ మార్చి గోల్కొండ అని పెట్టుకున్నా ఆ వ్యాసం అలాగే నిలబడుతుంది.

మర్నాడు క్లాసులో అడిగాను, చార్మినార్ ఎంతమంది చూశారు అని. దాదాపు అందరూ చేతులెత్తారు. ‘అక్కడ మీకు ఏం కనబడ్డది?’ అంటే ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి వెనక బెంచీ పిల్లాడు ‘పావురాలు’ అన్నాడు. మరి పేపర్లో ఎందుకు రాయలేదురా అంటే, ‘అది రాస్తే మార్కులు రావు కదా టీచర్’ అన్నాడు. ఆ మాట నన్ను రెండు రోజులు వదల్లేదు.

గురువారం ఇంట్లో ఉన్న బియ్యం సంచి ఒకటి పట్టుకెళ్ళాను. మందంగా ఉండే గుడ్డ సంచి, లోపల ఏముందో బయటికి తెలియదు. అందులో సీతాఫలం, కవ్వం, కొబ్బరి పీచు, గవ్వ, తాళం కప్ప, మట్టి ప్రమిద. ఒక్కోసారి ఒక్క వస్తువే సంచిలో వేస్తాను. ఒకరు వచ్చి చెయ్యి లోపల పెట్టి, వేళ్ళకు ఏం తెలుస్తోందో చెప్పాలి. పేరు తెలిసినా చెప్పకూడదు. మిగతావాళ్ళు విని రఫ్ నోట్సులో బొమ్మ గీయాలి. బోర్డు మీద మూడు మాటలు రాసి గీత కొట్టాను: అందమైన, బాగుంది, చాలా. ఆ మూడింట్లో ఏది నోట్లోంచి వచ్చినా వంతు పక్కవాళ్ళకు పోతుంది.

మొదటి పిల్ల సీతాఫలం పట్టుకుంది. ‘గుండ్రంగున్నది’ అని ఆగిపోయింది. ఇంకా చెప్పు, వీళ్ళు గీయాలి కదా అన్నాను. ‘బుడిపెలు బుడిపెలుగున్నది... బుడిపెకూ బుడిపెకూ నడుమ సందున్నది, నా గోరు దిగుతున్నది... ఒక్క దిక్కు నొక్కితే మెత్తగున్నది, ఇంకో దిక్కు గట్టిగున్నది... పైన చిన్న పుల్ల ఉన్నది.’ ఒకడు మొసలి తల గీశాడు. చాలామంది సీతాఫలం గీసేశారు. ‘ఒక దిక్కు మెత్తగా, ఒక దిక్కు గట్టిగా’ అన్న మాట విని, పండు సగం పండిందని పక్క బెంచీ అమ్మాయి పట్టేసింది!

ఆ 40 నిమిషాల్లో నేను విన్న తెలుగు, ఈ ఏడాదంతా పేపర్లలో చూసిన తెలుగు కంటే ఎక్కువ. బెల్ కొట్టినా ఎవరూ లేవలేదు. మీలో ఎవరైనా ఇలాంటివి చేయించారా? దీన్ని రాతలోకి ఎలా తీసుకెళ్ళాలో నాకు ఇంకా పూర్తిగా చేతికి రాలేదు.

మౌలాలి అమ్మ | సోమవారం, రాత్రి 9:52

టీచర్ గారూ, చదువుతుంటేనే సంతోషమేసింది. మా పాప ఏడో తరగతి. కానీ ఒక తల్లిగా నాకున్న భయం చెప్తాను, తప్పుగా అనుకోకండి. మా పాపకు వ్యాసాలన్నీ గైడులోంచి బట్టీ పట్టిస్తున్నారు. పావురాల గురించి రాసి వచ్చిన పేపరుకూ, గైడులో ఉన్నట్టు రాసిన పేపరుకూ ఒకేలా మార్కులు పడతాయా? రేపు పదో తరగతి వచ్చేసరికి ఈ ఆటల వల్ల వెనకబడితే ఎలా అని టెన్షన్.

నల్లబల్ల | సోమవారం, రాత్రి 10:30

మేడం, నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తొమ్మిదీ పదీ చెప్తాను కాబట్టి ఈ భయానికి జవాబు ఇవ్వగలను. మన తెలంగాణ తెలుగు వాచకాల్లో ప్రతి పాఠం వెనకా ‘వ్యక్తీకరణ-సృజనాత్మకత’ అని ఒక భాగం ఉంటుంది. చూడండి, పాప పుస్తకంలో కూడా ఉంటుంది. అక్కడ కోరేది పిల్లల సొంత మాటే. పేపర్లు దిద్దే మనిషిగా ఇంకోటి కూడా చెప్తాను. వరసగా ముప్పై పేపర్లు ఒకే వాక్యంతో మొదలయ్యాక, ముప్పై ఒకటో పేపర్లో సొంతంగా చూసిన సంగతి ఒక్కటి కనబడితే కలం ఆపి అక్కడ ఆగుతాం. నేనైతే తప్పకుండా ఆగుతాను.

తార్నాక టీచర్‌తో నాకు వేరే పేచీ ఉంది. నేనూ రెండేళ్ళ కింద దాదాపు ఇలాంటి ఆటే ఆడించాను. నోటితో అద్భుతంగా చెప్పారు. ‘సరే, ఇప్పుడు రాయండి’ అన్నానో లేదో, అదే పిల్లలు తలొంచి ‘సీతాఫలం చాలా రుచికరమైన పండు. ఇది ఆరోగ్యానికి మంచిది’ అని రాశారు. నోటి తెలుగు వేరు, నోటుబుక్కు తెలుగు వేరు అని వాళ్ళు చిన్నప్పుడే తీర్మానించుకున్నారు. ఆ గోడ పగలకపోతే ఆట ఆటగానే మిగిలిపోతుంది.

విశ్రాంత పంతులు | మంగళవారం, ఉదయం 6:10

నేను 31 ఏళ్ళు తెలుగు పంతులుగా చేసి రిటైర్ అయ్యాను. ఇప్పుడు సైదాబాద్‌లో ఉంటున్నాను. టీచరమ్మ చేసిన పనికి మన దగ్గర చాలా పాత పేరుంది, పొడుపు కథ. పేరు చెప్పకుండా వస్తువును చూపించడం మన అవ్వలకు వెన్నతో పెట్టిన విద్య.

‘అడవిలో పుట్టింది, అడవిలో పెరిగింది, మా ఇంటికొచ్చింది, తైతక్కలాడింది.’ మీ సంచిలో ఉన్న కవ్వమే అది. ఇందులో కవ్వం పొడవు లేదు, రంగు లేదు, ‘అందమైన’ అసలే లేదు. అది ఎక్కడినుంచి వచ్చింది, మన ఇంట్లో ఏం చేస్తుంది, ఈ రెండే. చల్ల చిలుకుతున్న కవ్వం కళ్ళ ముందు తిరుగుతుంది. ‘కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు.’ కనురెప్పలు. తలుపు అన్నాక చప్పుడు అవ్వాలి కదా, ఇవి కావు అనడంలోనే రెప్ప దొరికిపోతుంది. పోలికతో మొదలుపెట్టి, ఆ పోలిక ఎక్కడ చెల్లదో చెప్పి ముగించారు. ఎంత పని జరిగిందో చూడండి ఒక్క వాక్యంలో.

నేను ఉద్యోగంలో ఉండగా అలంకారాలు చెప్పేటప్పుడు ఒక తప్పు చేశాను. ఉపమాలంకారం అనగానే ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం అని నాలుగూ వల్లె వేయించేవాణ్ణి. పిల్లలు లక్షణం చెప్పగలిగారు గానీ సొంతంగా ఒక్క పోలిక కట్టలేకపోయారు. స్వభావోక్తి వచ్చేసరికి ‘ఉన్నది ఉన్నట్టు కళ్ళకు కట్టేటట్టు వర్ణిస్తే స్వభావోక్తి’ అని చెప్పి ముందుకు పోయేవాణ్ణి. చెవులు నిక్కించి చెంగుచెంగున గెంతే జింకల ఉదాహరణ ఒకటి రాయించేవాణ్ణి. జింక ఎక్కడుంది సైదాబాద్‌లో? కిటికీ మీద వాలిన కాకిని చూపించి రాయమని ఉంటే సరిపోయేది. ఇప్పుడు నా మనవరాలితో ఆ పనే చేస్తున్నాను.

నల్లబల్ల సార్ అడిగిన గోడ సంగతి నిజమే. దానికి నా దగ్గర మందు లేదు. టీచరమ్మ ఏం చేసిందో వినాలని ఉంది.

తార్నాక టీచర్ | మంగళవారం, రాత్రి 8:40

మాస్టారూ, మీ పోస్టు స్టాఫ్ రూములో గట్టిగా చదివి వినిపించాను. నమస్కారం.

నల్లబల్ల సార్, మీరు చెప్పిన గోడ నాకూ అడ్డొచ్చింది. ఈ రోజు ఒక ప్రయత్నం చేశాను. పిల్లల్ని ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టాను. ఒకరు సంచిలో చెయ్యి పెట్టి చెప్తారు, రెండోవారు రాస్తారు. రాసేవాళ్ళకు ఒక్కటే ఆజ్ఞ: విన్నది విన్నట్టు రాయాలి. ‘గరుకుగున్నది’ అంటే ‘గరుకుగున్నది’ అనే రాయాలి. ‘గరుకుగా ఉన్నది’ అని దిద్దడం రేపటి పని. ఒత్తు తప్పినా నేను ఎర్ర పెన్ను తీయను అని ముందే చెప్పేశాను. మాటలు కాగితం మీదికి వచ్చాక, చెప్పిన పిల్ల తన మాటలను తనే చదువుకుంది. ‘ఇది నేను చెప్పిందా టీచర్?’ అంది. అవును, నువ్వు చెప్పిందే.

ఇంకో మార్పు కూడా చేశాను. ఆ కాగితాలు నేను దిద్దలేదు, పక్క సెక్షన్‌కు పంపించాను. వాళ్ళు చదివి వస్తువు ఏదో కింద రాసి తిరిగి పంపాలి. దీంతో ఒక్కసారిగా అంతా మారిపోయింది. నా కోసం రాసినప్పుడు వాళ్ళు మంచి వాక్యాలు రాయాలని చూస్తారు. బీ సెక్షన్ వాళ్ళ కోసం రాసినప్పుడు వాళ్ళకు కనబడాలని చూస్తారు. తాళం కప్ప గురించి రాసిన కాగితం ‘చల్లగా, బరువుగా, గట్టిగా ఉంది’ అని వెళ్ళి, ‘రాయి’ అన్న జవాబుతో తిరిగొచ్చింది. రాసినవాడు తల గోక్కుని, వెంటనే ఇంకో వాక్యం చేర్చాడు: ‘పైన సగం గాజు లెక్క వంకర కమ్మీ ఉంది, కింద సన్న బెజ్జం ఉంది, బెజ్జంలో చిటికెన వేలు కూడా పోదు.’ ఈ వాక్యం రాయమని నేను చెప్పలేదు.

బొమ్మల గది | మంగళవారం, రాత్రి 9:25

నేను డ్రాయింగ్ టీచర్‌ని. వర్ణనలో పిల్లలకు ఇంకో ఇబ్బంది ఉంటుంది, వరస. నచ్చిన చోట మొదలుపెట్టి అక్కడినుంచి దూకుతారు. పైకప్పు చెప్పి, గేటు చెప్పి, మళ్ళీ కిటికీకి వస్తారు. వినేవాడి కన్ను తిప్పలు పడుతుంది.

దీనికి నేను ముగ్గు వాడతాను. ఇద్దరు పిల్లలు వీపులు ఆనించి కూర్చుంటారు. ఒకరి చేతిలో ముగ్గు ఉన్న కాగితం, ఇంకొకరి చేతిలో పలక. ‘ఏడు చుక్కలు, నాలుగు వచ్చేదాకా, సందు చుక్క’ అని మొదలుపెడితే చాలు, చుక్కల వరకు ఎవరికైనా కుదిరిపోతుంది. అమ్మలు అలా చెప్పుకోవడం వినే ఉంటారు. అసలు కష్టం గీతల దగ్గర మొదలవుతుంది. ‘నడిమి వరసలో ఎడమ నుంచి రెండో చుక్క మీదుగా పైకి పోయి, చుక్కను చుట్టి, కుడికి దిగు.’ ఎడమ ఎవరి ఎడమ? పైకి అంటే ఎంతవరకు? చెప్పేవాళ్ళకు అప్పుడు తెలుస్తుంది, తాము చూస్తున్నది ఎదుటివాళ్ళు చూడటం లేదని. మగపిల్లలు కూడా పట్టుదలగా ఆడతారు. రెండు ముగ్గులూ పక్కపక్కన పెట్టి చూసుకునే నిమిషం కోసం ఎదురు చూస్తారు.

ముగ్గు అయ్యాక గది వర్ణించమంటే, తలుపు దగ్గర మొదలుపెట్టి గోడ వెంబడి నడుచుకుంటూ వస్తారు.

కూకట్‌పల్లి నాన్న | బుధవారం, ఉదయం 7:20

మా బాబుకు తొమ్మిదేళ్ళు. జిగటగా ఉన్నవీ, పీచుగా ఉన్నవీ ముట్టుకోలేడు. బలవంతం చేస్తే ఏడుపు ఆగదు. పోయిన ఏడాది ఒక స్కూల్లో ఇలాగే కళ్ళకు గంతలు కట్టి చేతిలో తడి గడ్డి పెట్టారట. వారం రోజులు స్కూలుకు పోనన్నాడు. టీచర్లను తప్పు పట్టడం లేదు, వాళ్ళకు తెలియదు. ఆట మంచిదే. అలాంటి పిల్లలు ఒకరిద్దరు ప్రతి తరగతిలో ఉంటారు, వాళ్ళకూ ఆటలో చోటు ఉండేలా చూడమని అడుగుతున్నాను.

నల్లబల్ల | బుధవారం, మధ్యాహ్నం 1:05

నాన్న గారూ, చెప్పినందుకు ధన్యవాదాలు. నేను సంచికి బదులు చిన్న డబ్బాలు పెడతాను. మూతకు సన్నటి బెజ్జాలు, లోపల ఇంగువ, వాము, యాలకులు, కర్పూరం, కాఫీ పొడి. ముట్టుకునే పని లేదు. ఇష్టమైతేనే ముక్కు దగ్గర పెట్టుకుంటారు. ఇంకో రకం, చప్పుడు డబ్బా. కందిపప్పు, గోళీలు, పిన్నీసులు మూసిన డబ్బాలో వేసి ఊపడమే. ఎవరు ఏది ఎంచుకుంటారో వాళ్ళిష్టం. సంచిలో మొన ఉన్నదీ, అంచు కోసుకునేదీ ఎప్పుడూ పెట్టకూడదని వేరే చెప్పక్కర్లేదు.

వాసనల దగ్గర నాకు ఒక విషయం అర్థమైంది. పిల్లలకు ‘మంచి వాసన’, ‘చెడ్డ వాసన’ ఈ రెండే తెలుసు. మన భాషలో ఘాటు ఉంది, కమురు ఉంది, నీచు ఉంది, ముక్కిపోయిన బియ్యం వాసన ఉంది, తొలి వానకు లేచే మట్టి వాసన ఉంది. ఇవన్నీ ఇంట్లో అమ్మమ్మ నోట రోజూ వినబడే మాటలే. బడికి వచ్చేసరికి ఎక్కడో ఆగిపోతున్నాయి. నేను బోర్డు పక్కన ఒక చార్టు కట్టాను. ఇంటి దగ్గర కొత్త మాట ఎవరు విన్నా వచ్చి దాని మీద రాయాలి. జివ్వుమంది, గుప్పుమంది, చిటపట, కరకర, వగరు. ‘వగరు’ తెచ్చిన పిల్లకు అది ఏ రుచో చెప్పడం రాలేదు. మర్నాడు పచ్చి ఉసిరికాయ తెచ్చి అందరికీ తలా ముక్క పెట్టింది. అప్పటినుంచి ఆ మాట ఆ తరగతిలో ఎవరూ మర్చిపోలేదు.

పాతబస్తీ తెలుగు | బుధవారం, రాత్రి 10:15

నేను పాతబస్తీలో తెలుగును రెండో భాషగా చెప్తాను. 2018 చట్టం తర్వాత అన్ని స్కూళ్ళలో తెలుగు తప్పనిసరి అయింది కదా. మా పిల్లల ఇళ్ళలో దక్కనీ ఉర్దూ మాట్లాడతారు. వర్ణన అంటే వాళ్ళకు రెండింతలు కష్టం, చూడాలి, మళ్ళీ తెలుగు వెతుక్కోవాలి. మొదట్లో నేను ‘తెలుగులోనే చెప్పండి’ అని పట్టుబట్టేదాన్ని. ఎవరూ నోరు తెరిచేవాళ్ళు కాదు.

తర్వాత పద్ధతి మార్చాను. ముందు మీ మాటలో చెప్పండి, తెలుగు మాట అందరం కలిసి వెతుకుదాం అన్నాను. ‘చిప్‌చిపా’ అని ఒక అమ్మాయి అంటే బోర్డు మీద రాశాను, పక్కనే ‘జిగట’. ‘ఖుర్‌దురా’ పక్కన ‘గరుకు’. పిల్లలకు కావలసింది ఆ పూట ఆ మాటే కాబట్టి, మళ్ళీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

తార్నాక టీచర్ చార్మినార్ వ్యాసం గురించి రాసినప్పుడు నాకు నా పిల్లలు గుర్తొచ్చారు. వాళ్ళు రోజూ చార్మినార్ పక్క నుంచే బడికొస్తారు, అయినా వాళ్ళూ అదే వ్యాసం రాశారు. ఒక శనివారం పొద్దున 20 మందిని తీసుకెళ్ళాను. అక్కడికి వెళ్ళాక చార్మినార్‌కు వీపు పెట్టి నిలబడమన్నాను. రెండు నిమిషాలు కళ్ళు మూసుకుని, ఏం వినబడుతోందో, ఏ వాసన వస్తోందో లెక్క పెట్టుకోమన్నాను. ఆటో హారన్లు, షట్టర్ ఎత్తుతున్న చప్పుడు, మక్కా మసీదు వైపు పావురాలన్నీ ఒక్కసారి లేచిన చప్పుడు. దాన్ని ఒక పిల్లాడు ‘దుప్పటి దులిపినట్టు’ అన్నాడు. లాడ్ బజార్ వైపు నుంచి లక్క వేడెక్కిన వాసన, అత్తరు వాసన, చాయ్ వాసన.

అప్పుడు కళ్ళు తెరిచి వెనక్కి తిరగమన్నాను. ఒక్కొక్కరికి ఒక్క జానెడు చోటే ఇచ్చాను, దాని గురించే రాయాలి. ఒకరికి కమాను అంచు, ఒకరికి గడియారం, ఒకరికి గోడ మీద డంగుసున్నం పూలు. ఆ గడియారాన్ని 1889లో పెట్టారు, అంటే కట్టడం కట్టిన దాదాపు మూడు వందల ఏళ్ళకు. ఈ సంగతి చెప్పినప్పుడు గడియారం దక్కిన పిల్లాడు అడిగాడు, ‘అంతకుముందు ఇక్కడ టైం ఎట్ల తెలిసేది మేడం?’ అని. అది వర్ణన కాదు. కానీ జానెడు చోటును పది నిమిషాలు చూస్తే గానీ ఆ ప్రశ్న రాదు. గోడ దక్కిన అమ్మాయి రాసింది నాకు ఇప్పటికీ నోటికొచ్చు: ‘సున్నం పువ్వుకు ఒక రేకు విరిగింది. విరిగిన చోట లోపల ఇసుక రంగు ఉంది. దూరం నుంచి పువ్వు పూర్తిగానే కనబడుతుంది.’

ఆ అమ్మాయి మాతృభాష తెలుగు కాదు. మూడు చిన్న వాక్యాలు, అన్నీ తప్పుల్లేకుండా.

విశ్రాంత పంతులు | గురువారం, ఉదయం 5:50

అమ్మా, ‘దూరం నుంచి పువ్వు పూర్తిగానే కనబడుతుంది’ అన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. ఆ పాపకు నా ఆశీస్సులు చెప్పండి.

మన ప్రబంధాల్లో అష్టాదశ వర్ణనలని పద్దెనిమిది ఉంటాయి. అందులో నగర వర్ణన ఒకటి. కవి కథలోకి పోయే ముందు ఊరిని చూపిస్తాడు, కోటగోడలు, మేడలు, అంగళ్ళు, వీధుల్లో మనుషులు. మీ పిల్లలు చేసింది నగర వర్ణనే. జానెడు జానెడుగా చేశారు.

కొత్త బీఎడ్ | గురువారం, సాయంత్రం 6:35

అందరికీ నమస్తే. నేను ఈ ఏడాదే టీచర్‌గా చేరాను. నా వల్ల జరిగిన పొరపాటు ఒకటి చెప్పాలి, ఎందుకంటే ఇంకెవరూ చేయకూడదు.

ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు ఒక స్కూల్లో వర్ణన పాఠం చెప్పాను. వస్తువులు తెచ్చే టైం లేక, ‘మీ పక్కన కూర్చున్నవాళ్ళ పేరు చెప్పకుండా వర్ణించండి, మిగతావాళ్ళు కనిపెట్టాలి’ అన్నాను. ఐదు నిమిషాలు బాగానే నడిచింది. తర్వాత ఒక అబ్బాయి లేచి, ఒక అమ్మాయి రంగు గురించీ పళ్ళ గురించీ చెప్పాడు. క్లాసంతా ఒక్కసారి ఆ అమ్మాయి పేరు అరిచి నవ్వింది. ఆ అబ్బాయి ఏ దురుద్దేశంతోనూ అనలేదు, నేను చెప్పిన పనే చేశాడు. ఆ అమ్మాయి డెస్కు మీద తల పెట్టుకుని బెల్ కొట్టేదాకా లేవలేదు. తప్పు నాది. క్షమించమని అడిగాను, కానీ అది మాటతో పోయేది కాదు. ఈ ఆటలో తరగతిలో ఉన్న మనిషి శరీరం సంచిలో వస్తువు కాకూడదు.

ఇప్పుడు మనిషిని వర్ణించాలంటే ఇంట్లోవాళ్ళ చేతులు మాత్రమే అడుగుతాను. నాన్న చేతులు, నానమ్మ చేతులు. ముందు రోజు రాత్రి ఇంట్లో ఆ చేతులు పట్టుకుని చూసి రావాలి. ఒకరు ‘మా నాన్న బొటనవేలి గోరు కింద ఎప్పుడూ గ్రీజు ఉంటది, పండగ నాడు కూడా పోదు’ అని రాశారు.

తార్నాక టీచర్ | గురువారం, రాత్రి 9:10

కొత్త బీఎడ్ గారూ, దాచుకోకుండా చెప్పారు. వచ్చే వారం నేను సరిగ్గా అదే చేయించాలని రాసుకుని ఉన్నాను, పక్కవాళ్ళ ముఖం వర్ణించమని. కొట్టేశాను. చేతులు తీసుకుంటాను.

మౌలాలి అమ్మ | శుక్రవారం, రాత్రి 8:20

నేను మళ్ళీ వచ్చాను. ఈ మూడు రోజులూ ఇక్కడ రాసినవన్నీ చదివి, ఇంట్లో పాపతో చిన్న ప్రయత్నం చేశాను. బీరువా తీసి చీరల రంగులు చెప్పమన్నాను. పింక్, గ్రీన్, బ్లూ, లైట్ గ్రీన్, డార్క్ గ్రీన్, అంతే. అప్పుడు మా అత్తమ్మను పిలిచాను. ఆమె ఒక్కో చీరా తీసి చెప్తుంటే పాప నోట్సులో రాసుకుంది. చిలకపచ్చ, మామిడి పిందె రంగు, వంకాయ రంగు, నెమలికంఠం, ఉల్లిపొర రంగు, కనకాంబరం, ఇటుక రంగు, మెంతి రంగు, చింతపిక్క రంగు. ప్రతి రంగూ ఒక వస్తువు నుంచే వచ్చింది చూశారా? ఉల్లిపొర రంగు అంటే ఏంటో తెలియక పాప వంటింట్లోకి పోయి ఉల్లిగడ్డ ఒలిచి చూసుకుంది. మార్కుల గురించి ఆ పూట నాకు గుర్తే రాలేదు.

ఆదివారం సాలార్‌జంగ్ మ్యూజియంకు తీసుకెళ్దామనుకుంటున్నాం. అక్కడ ఏం చేయించవచ్చో చెప్తారా?

బొమ్మల గది | శుక్రవారం, రాత్రి 9:00

తప్పకుండా వెళ్ళండి. శుక్రవారమే సెలవు, ఆదివారం తెరిచే ఉంటుంది. అక్కడ ఒకే చెక్కలో చెక్కిన జంట బొమ్మ ఉంది, ఒక వైపు మెఫిస్టోఫిలిస్, వెనక వైపు మార్గరెటా. ఇద్దరూ ‘ఫౌస్ట్’ అనే జర్మన్ నాటకంలోని పాత్రలు. ముందు నుంచి చూస్తే నిటారుగా నిలబడ్డ మగమనిషి, వెనక నుంచి చూస్తే తల వంచుకున్న ఆడపిల్ల. వెనక అద్దం ఉంటుంది, అందులో పాప రెండో వైపు చూడకముందే మీరిద్దరూ చెరో పక్కన నిలబడి, కనబడుతున్నది ఒకరికొకరు చెప్పుకోండి. ఒకే వస్తువు గురించి మాట్లాడుతున్నామని పాపకు నమ్మకం కుదరడానికి కాసేపు పడుతుంది.

తర్వాత ముసుగు రెబెక్కా దగ్గరికి వెళ్ళండి. బెంజోనీ అనే ఇటలీ శిల్పి 1876లో చెక్కిన పాలరాతి బొమ్మ. రాతి ముసుగు వెనక రాతి ముఖం కనబడుతుంది. ‘పల్చగా’ అని పాప అంటుంది. రాయి కదా, పల్చగా ఎలా కనబడుతోంది, ఏ చోట మడతలు దగ్గరపడ్డాయి, ఏ చోట ముక్కు మీద గుడ్డ బిగిసింది అని అడగండి. అక్కడినుంచి గంట కొట్టే వేళకు సంగీత గడియారం దగ్గరికి రండి. చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుంది. ఆ గడియారం కంటే దాని ముందు కూర్చుని ఎదురుచూసే జనం ముఖాలు వర్ణించడానికి ఇంకా బాగుంటాయి.

నల్లబల్ల | శనివారం, ఉదయం 10:40

ఒక కొత్త సమస్య వచ్చింది. చార్టు నిండే కొద్దీ పిల్లలు మాటలన్నీ ఒకే చోట గుమ్మరిస్తున్నారు. నిన్న ఒకడు ‘నిగనిగలాడే, తళతళలాడే, మిలమిలలాడే, నున్నటి, నల్లటి నేరేడు పండు’ అని రాశాడు. వాడి సంతోషం చూసి కొట్టేయడానికి చెయ్యి రాలేదు. కానీ పండు కనబడలేదు.

విశ్రాంత పంతులు | శనివారం, మధ్యాహ్నం 12:15

కొట్టేయకండి సార్, వాడితోనే కొట్టించండి. ఐదు మాటల్లో ఒక్కటే ఉంచుకోవాలి, ఏది ఉంచుతావో నువ్వే చెప్పు అనండి. నా మనవరాలు ఇలాగే ఐదింట్లోంచి ‘నల్లటి’ ఒక్కటే ఉంచుకుంది. మిగతావి అన్ని పండ్లకూ పనికొస్తాయి తాతయ్యా అంది.

ఇంకో మాట. తెలుగు వాక్యంలో బలం చివర ఉండే క్రియలో ఉంటుంది. పిల్లలు ‘ఉంది, ఉంది, ఉంది’ అని ముగిస్తున్నారు. ‘చెట్టు మీద పండు ఉంది’ అన్నదాన్ని ‘వేలాడుతోంది’ అనిపించండి. ‘నేల మీద పండు ఉంది’ అన్నదాన్ని ‘రాలి పగిలింది’ అనిపించండి. విశేషణాలు వాటంతట అవే తగ్గుతాయి. ‘అందమైన’ మీద పెట్టిన నిషేధం కూడా ఒక నెల ఉంచి తీసేయండి. అందం మంచి మాటే. చూసిన తర్వాత అంటే చెల్లుతుంది.

తార్నాక టీచర్ | తర్వాతి బుధవారం, రాత్రి 9:30

బతుకమ్మ సెలవుల ముందు చివరి పీరియడ్ ఇవాళ అయింది. సంచి తీసుకెళ్ళలేదు. ‘మీ ఇంట్లో లేదా మీ గల్లీలో ఉన్న ఒక వస్తువు, పేరు చెప్పకుండా’ అన్నాను. మొదట్లో పావురాలు అన్న పిల్లాడే రాశాడు. వాడి అనుమతితో ఇక్కడ పెడుతున్నాను. రాత కొంచెం మాత్రమే దిద్దాను.

‘దానికి నాలుగు చక్రాలు ఉన్నాయి గానీ ఒకటి నేలకు ఆనదు. పొద్దున ఐదింటికి అమ్మ నెడితే కిర్రుకిర్రుమని గల్లీ మొత్తం వినబడుతుంది. మీద నల్లటి గుండ్రటి ఇనుము. అమ్మ నీళ్ళు చల్లితే చుయ్‌మని పొగ లేస్తుంది. అప్పుడు అమ్మ ముఖం కనబడదు. పొగ పోయినంక ముందు ముక్కుపుడక కనబడుతుంది, తర్వాత అమ్మ.’

బీ సెక్షన్‌లో ఒకరు ‘ఇస్త్రీ బండి’ అని రాసి పంపారు. నీళ్ళు చల్లడం, పొగ, బండి, న్యాయమైన జవాబే. కాగితం తిరిగి వచ్చాక వాడు చాలాసేపు దాని వంక చూస్తూ కూర్చున్నాడు. నేను ఏమీ అనలేదు. ‘పొగ లేస్తుంది’ తర్వాత చోటు లేక, పక్కన మార్జిన్‌లో నిలువుగా రాశాడు: ‘ఆ పొగ కాసేపటికి ఉల్లిగడ్డ వాసన వస్తుంది, మా షర్టులకు బడికి వచ్చేదాకా ఉంటుంది.’

రెండోసారి దోసెల బండి అని చెప్పేశారు.

పాతబస్తీ తెలుగు | బుధవారం, రాత్రి 9:48

టీచర్, ఆ కాగితం కాపీ ఒకటి పంపుతారా? మా పిల్లలకు చదివి వినిపిస్తాను. వాళ్ళ దగ్గర కూడా పేరు చెప్పను.

తార్నాక టీచర్ | బుధవారం, రాత్రి 9:55

రేపు పొద్దున వాణ్ణి అడిగి పంపుతాను. మీ పిల్లలు ఏమని కనిపెట్టారో రాసి పంపండి, వాడు ఎదురు చూస్తాడు.